తెల్ల శాలువాలో అపొలీన్

ఆ నది ఒడ్డున పుట్టిన పిల్లలందరినీ మొదటిసారి గడప దాటించింది డెలిమాయే. బిడ్డకు పేరు పెట్టే జ్ఞానస్నానానికి తల్లి చర్చికి వెళ్లదు, మంచం మీదే ఉంటుంది. జ్ఞానతల్లి, జ్ఞానతండ్రి వెంట రాగా బిడ్డను ఎత్తుకెళ్లడం డెలిమా పని. ఆమెకు పిల్లల్లేరు. పొయ్యి దగ్గర తెల్ల శాలువా వెచ్చబెట్టి మరీ చుట్టేది. నది గాలి ఎటునుంచి వీస్తే అటు తన వీపు తిప్పి నడిచేది.

ఆ జనవరిలో నార్సిస్ ఇంట ఆడపిల్ల పుట్టింది. డెలిమా వచ్చేసరికి జ్ఞానతల్లి, అంటే నార్సిస్ తల్లి ఒజెలీ, టోపీ పెట్టుకుని సిద్ధంగా ఉంది. బాలింత అయిన కోడలు బెర్నాదెత్ మాత్రం బిడ్డను వదలడం లేదు.

"డెలిమా పిన్నీ, అపొలీన్ అని పెట్టనివ్వను. ఆ పేరు పెట్టుకున్న ఇద్దరినీ మట్టికిచ్చాను. ఆ పేరు నా పిల్లల్ని తింటోంది."

"మా వంశంలో తరతరానికో అపొలీన్ ఉంది. నీతో ఆగిపోవాలా?" అంది ఒజెలీ.

"వంశం మీది అత్తయ్యా. కడుపు నాది."

బయట బండికి కట్టిన గుర్రం కాళ్లు మారుస్తోంది. డెలిమా శాలువా మడిచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. "తల్లి ఇస్తేనే ఎత్తుకుంటాను. ఒజెలీ, నువ్వా టోపీ తీసి మీ అపొలీన్ల వరస చెప్పు."

"అది ఊరందరికీ తెలిసిందేగా."

"తెలిసింది కాదు. మీరు వదిలేసింది చెప్పు."

అక్కడ వంశం చెప్పుకోవడానికో పద్ధతి ఉంది. ఫలానావాడు ఫలానావాడి కొడుకు, అతను ఫలానావాడి కొడుకు అంటూ, సముద్రం దాటొచ్చి ఇక్కడ ఓడ దిగిన మొదటి మనిషి దాకా ఊపిరి తీసుకోకుండా చెబుతారు. అందులో పెరిగి పిల్లల్ని కన్నవాళ్లే ఉంటారు. పాలు మరవకముందే పోయినవాళ్ల మాట ఎవరూ ఎత్తరు.

ఒజెలీ టోపీ తీసి ఒళ్లో పెట్టుకుంది. తర్వాత మెల్లగా అంది. "మా అత్తగారు అపొలీన్. ఆవిడకు ముందు పుట్టిన అక్కదీ అదే పేరు. తట్టు పోసి పోయింది. వాళ్ల మేనత్త అపొలీన్. ఆవిడకు ముందూ ఒకతె ఉండేదట, ఆ చలికాలం దాటలేదు." టోపీ అంచు నిమిరింది. "ఓడ దిగినావిడ కూడా దారిలో ఒక అపొలీన్‌ను సముద్రానికిచ్చి, ఇక్కడ ఇంకో అపొలీన్‌ను కందట. మా అత్తగారు చివరి రోజుల్లో చెప్పింది. ఇన్నాళ్లూ నేనెవరికీ చెప్పలేదు."

 డెలిమా ఆ పేర్లను వేళ్ల మీద లెక్కపెట్టింది. అంత పొడుగు వరసలో బతికిన ప్రతి అపొలీన్ వెనకా, ఎవరూ పలకని ఓ చిన్న అపొలీన్ ఉంది. పోయిన బిడ్డ పేరును మట్టిలో వదల్లేక, ఒక్కో తల్లీ వణుకుతూనే దాన్ని మళ్లీ ఎత్తుకుంది. దేవుడు అన్ని పేర్లూ గుర్తుపెట్టుకుంటాడని డెలిమా చిన్నప్పటి నుంచీ వింటోంది. ఆ మాట ఎంత పెద్దదో ఇప్పుడు తెలిసింది.

"నేను కూడా రెండో డెలిమానే అమ్మాయ్," అంది. "మొదటిది వారం బతకలేదు. నన్ను చూడు, పోవడమే మరిచిపోయాను."

బెర్నాదెత్ ఏడుస్తూనే నవ్వింది. "అత్తయ్యా, ఇకమీదట వరస చెబితే నా ఇద్దరినీ కలిపి చెప్పాలి."

"చెబుతానమ్మా. వాళ్లను కూడా, మిగతా పసివాళ్లను కూడా."

అప్పుడు బెర్నాదెత్ చేతులు చాపి బిడ్డను డెలిమాకు అందించింది.

చర్చిలో ఫాదర్ ఒజెలీని పేరడిగాడు. ఆడపిల్లలందరికీ పెట్టే మరియ తల్లి పేరు ముందు, జ్ఞానతల్లి పేరు తర్వాత, పిలిచే పేరు చివర. "మరీ ఒజెలీ అపొలీన్," అంది. డెలిమా చేతుల్లో పాప పిడికెడంతే ఉంది. అయినా ఆమెకు ఆ రోజు చేతులు బరువెక్కాయి.

తిరిగొచ్చి, ఆనవాయితీ ప్రకారం, బిడ్డను తల్లి పక్కన పడుకోబెట్టి పేరు చెప్పింది. బెర్నాదెత్ బిడ్డ చెవి దగ్గరకు వంగి, భయపడుతూనే, "అపొలీన్," అని పిలిచింది.

పాప ఆవలించింది.