చింతపండుతో తోమిన తుపాకీ

డెబ్బయ్యో దశకం చివర్లో కదిరిలో నాకు తుపాకీలు బాగుచేసే అంగడి ఉండేది. పెద్దగా ఊహించుకోకండి. ఒక బల్ల, రెండు కుర్చీలు, గోడకు లైసెన్సు కాగితం, అంతే. నా భార్య పోయి అప్పటికి మూడేళ్లు. టీ అంగట్లో గంటలకొద్దీ కూర్చునే మనుషులు తుపాకీల అంగట్లో కూర్చోరు. వస్తారు, పని చెబుతారు, పోతారు.

ఒక ఎండాకాలం తనకల్లు వైపు నుంచి ఒక పెద్దరైతు వాళ్ల నాయన కాలంనాటి జోడు గొట్టాల తుపాకీ పట్టుకొచ్చాడు. ఆయుధపూజ కాగానే ఇంటి పెద్ద దాంతో ఆకాశంలోకి ఒక తూటా కాల్చడం వాళ్లింటి ఆనవాయితీ.

"ట్రిగ్గరు బిగుసుకోని పోయిండాది, చూడన్నా. అట్నే ఎంత పలుకుతాదో చెప్పు," అన్నాడు.

చేతిలోకి తీసుకోగానే నాకు సంగతి అర్థమైంది. అవి ఇనుప పట్టీలు మెలితిప్పి చుట్టి, అతికించి చేసిన పాతకాలపు గొట్టాలు. అలాంటి వాటి మీద నీటి అలల్లాంటి గీతలుంటాయి. విలువంతా ఆ గీతల్లోనే. దీని మీద ఒక్క గీతా లేదు, తళతళా మెరుస్తోంది.

"ఏం పూస్తారప్పా దీనికి?"

"పూసేదేముంది? ప్రతి దసరాకూ మా ఆడోళ్లు చింతపండు, ఇటికపొడి ఏసి తోముతారు, బిందెలతో పాటే," అన్నాడు గర్వంగా.

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. తోమి తోమి గీతలతో పాటు ఇనుమునూ అరగదీశారు. నీళ్లు దూరి రెండు గొట్టాల మధ్య అతుకు కూడా తుప్పుపట్టి వదిలింది. ఇన్నేళ్లూ కాల్చేటప్పుడు గొట్టం పగలకపోవడం అదృష్టం. ఇప్పటి తూటాల ఘాటుకు ఏదో ఒక దసరాకు గొట్టం పట్టుకునే ఆయన ఎడమచెయ్యి పోవడం ఖాయం.

ఆ మాట అప్పుడే చెప్పాలి. చెప్పలేదు. ఎందుకంటే ఆయన కూర్చున్నాడు. టీ తెప్పించుకుని, శెనక్కాయ పంట గురించీ రాని వాన గురించీ గంటసేపు మాట్లాడాడు. "పెట్టి పో, చూస్తా," అన్నాను.

ఆ తర్వాత ప్రతి సంతరోజూ వచ్చాడు. "అయిందా అన్నా?" అంటే "ఇంకొక వారం" అనేవాణ్ణి. సంతరోజు నేను పొద్దున్నే గడ్డం గీసుకునేవాణ్ణి. సిగ్గుచేటే, కానీ నిజం.

దసరా ఇంకో వారముందనగా, "ఈ తూరి ఇచ్చేయాల్సిందే," అని పట్టుబట్టాడు. ఇక దాచలేకపోయాను. గొట్టాల జతను కట్టె నుంచి ఊడదీసి, దారంతో వేలాడదీసి, వేలితో కొట్టాను. మంచివైతే ఖంగుమంటాయి. ఇవి పగిలిన కుండలా పలికాయి. కాల్చొద్దన్నాను. అమ్మినా పాత ఇనుము ధరే అన్నాను.

ఆయన కూడా వేలితో ఒకసారి కొట్టి చూశాడు.

"నీకెప్పుడు తెలిసె ఇది?"

"నువ్వు తెచ్చిన దినమే."

"మరి ఇన్ని నెలలు ఎందుకు తిప్పుకుంటివి?"

"చెప్పింటే నువ్వు మళ్లీ వచ్చేవాడివి కాదు గదప్పా."

తిడతాడనుకున్నాను. తుపాకీని గోనెసంచిలో చుట్టుకున్నాడు. గుమ్మం దగ్గర ఆగి, "ఊరికే రాప్పా అని ఒక్క మాట అనింటే వచ్చేవాణ్ణి గదా," అన్నాడు.

ఆ దసరాకు ఆయన కాల్చలేదనీ, తుపాకీని స్టేషనులో అప్పగించాడనీ తర్వాత ఎవరో చెప్పారు. చెయ్యి దక్కింది కదా, చాలనుకున్నాను. కానీ సంతరోజు వస్తే చాలు, వీధివైపే చూసేవాణ్ణి. తనకల్లు బస్సెక్కితే గంట ప్రయాణం. ఏ పని చెప్పుకుని పోవాలో తోచక, ఎన్నడూ పోలేదు.