పులి చారలు

ఈ వయసులో మధురవాడలో తోలు మాస్కులు చేయడం నేర్చుకుంటున్నాను. తడితోలు వాసనకి నా తొమ్మిదో ఏడు గుర్తొచ్చింది.

అప్పుడే గోదావరి జిల్లా నుంచి విశాఖ పోర్టు క్వార్టర్స్‌కి వచ్చాం. నాతో ఎవరూ ఆడేవారు కాదు. చెప్పులు కుట్టే తాత ఇచ్చిన తోలుముక్కని నానబెట్టి, చెంబు మీద బిగించి, చెంచా కాడతో గీతలు నొక్కి, రంగులేసి పులిముఖం చేశాను. అది పెట్టుకుంటే నన్నెవరూ గుర్తుపట్టరని, ఆటలో కలిసిపోవచ్చని ఆశ.

వీధిలోకి వెళ్లగానే ఒకమ్మాయి అరిచింది. "ఓలమ్మీ గోదారి పిల్లా! పులివి నువ్వేనే, బేగి రా!"

అందరూ నవ్వారు. దొరికిపోయానని ఇంట్లోకి పరుగెత్తాను. చారలు సరిగ్గా రాలేదనుకుని, ఆ సెలవులంతా ఒక్కదాన్నే కూర్చుని స్కేలు పెట్టి దిద్దాను.

ఆ పిల్ల నన్ను ఆటలో పులిగా ఉండమనే పిలిచిందని అర్థమయ్యేసరికి మేం ఆ వీధి ఖాళీ చేసి చాలా ఏళ్లైంది. ఆమె పేరైనా నాకు తెలియదు.