అతిశయోక్తి అన్నాను

ఎన్నో ఏళ్లుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. పేరు చెప్పే ధైర్యం లేకే మీ పత్రికకిలా ఉత్తరం రాస్తున్నాను.

నేను ఇబ్రహీంపట్నంలో తెలుగు పంతుల్ని. అలంకారాలు పిల్లల తలకెక్కడం లేదని, హక్కుల కోసం నిలబడ్డవాళ్ల కథలతో చెప్పేవాణ్ణి. దూరదేశంలో ఒక నల్లజాతి మహిళ బస్సులో తెల్లవాడికి సీటు వదలనంది. ఆమె బండలా కూర్చుంది అంటే ఉపమ. ఆమే బండ అంటే రూపకం. తనిఖీకి వచ్చినవాళ్లు కూడా భేష్ అన్నారు. నేను ఉబ్బిపోయాను.

ఒకరోజు పిల్లల్ని, మీకు తెలిసిన అలాంటి మనిషి గురించి చెప్పమన్నాను. ఎనిమిదో తరగతి అమ్మాయి లేచింది. వాళ్లది మా సొంతూరే. నేనెవరి కొడుకునో ఆమెకు తెలియదు.

"మా తాత గూడ గట్లనే కూసున్నడు సార్. మా ఊరి హోటల్ల మావోళ్లకు గ్లాసు వేరే, బయట చూరుల పెడుతుండె. తాత లోపటికి పోయి బెంచి మీద కూసొని, అందరి గ్లాసులనే చాయ్ పొయ్యమన్నడు. చెయ్యి ఇరగ్గొట్టిన్రు. అయినా లేవలే."

ఆ హోటల్ మా బాపుది.

నేనేం చేయాల్సింది? ఆమెకు చప్పట్లు కొట్టించాల్సింది. కానీ బోర్డు వైపు తిరిగి 'అతిశయోక్తి' అని రాశాను. ఉన్నదాన్ని పెంచి చెప్పడానికి ఇదే ఉదాహరణ, రాసుకోండి అన్నాను.

"నిజం సార్. తాత చెయ్యి ఇప్పటికీ సక్కగ చాపరాదు."

"కూసో," అన్నాను.

కూర్చుంది. అందరితో పాటు తనూ రాసుకుంది. తాత నిజాన్ని అబద్ధమని ఆమె చేతే రాయించాను. ఇంటికెళ్లి ఆ ముసలాయన్ని ఏమడిగిందో? ఆ తర్వాత నా క్లాసులో నోరు తెరవలేదు. కొన్నాళ్లకు ఆ తాత చనిపోయాడని తెలిసినా, ఆమె ముందుకు వెళ్లి నిలబడే మొహం నాకు లేకపోయింది.

బాపు పరువు కోసం అలా అన్నానని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. ఎవరి పరువు? బాపు అప్పటికే కాలం చేశాడు. నేను కాపాడుకున్నది నన్నే.

ఆమె పెంచి చెప్పలేదు. ఆమెకు తెలిసిందే తక్కువ. కొట్టింది బాపు. పొయ్యి దగ్గరి కట్టె తెచ్చి ఇచ్చింది నేను. చిన్నవాణ్ణే, కానీ ఎందుకు అడుగుతున్నాడో తెలిసే ఇచ్చాను.

ఇది ఎవరికైనా చెప్పడం ఇదే మొదటిసారి. చెప్పాక కాస్త ఊపిరి ఆడుతోంది. అందుకూ సిగ్గుగానే ఉంది.