సుగుణ గారి అనుమానం

ఈ ఉదయం అమెరికాలోని బాతెల్‌లో మా ఆఫీసు కాఫీ మెషిన్ దగ్గర నిలబడి ఉంటే లవంగం వాసన వచ్చింది. కొత్తగా చేరిన అమ్మాయి గొంతు బాగాలేదని బుగ్గన లవంగం పెట్టుకుంది. ఆ వాసన తగలగానే నేను చుట్టూ చూశాను. ఎవరు ఎవరితో మెల్లగా మాట్లాడుతున్నారు, నన్ను చూసి ఎవరు మాట మార్చారు అని. మా విభాగాన్ని ఇంకో విభాగంలో కలిపే విషయమై ఇంకాసేపట్లో మీటింగ్ ఉంది. దాని గురించి నన్ను ఇంతవరకు ఎవరూ ఒక్క మాట అడగలేదు. ఇలా చూడటం నాకు పుట్టుకతో వచ్చింది కాదు, సుగుణ గారి దగ్గర అబ్బింది.

సుగుణ గారిది కాకినాడ. ఇంతకుముందు క్యారీ అనే ఊళ్లో ఒక జపాన్ మందుల కంపెనీ అమెరికా శాఖకి ఆవిడ ఫైనాన్స్ హెడ్, నేను ఆవిడ కింద అనలిస్టుని. ఆదివారం తెలుగు చర్చిలో అందరినీ చేతులు పట్టుకుని పలకరించే మనిషి, సోమవారం ఆఫీసుకొస్తే ఎవరినీ నమ్మేవారు కాదు. నేను చేరిన కొత్తలో కంపెనీ వార్షిక నివేదిక తెరిచి, డైరెక్టర్ల బోర్డు ఫొటో నా ముందు పెట్టారు. బుగ్గన ఎప్పుడూ ఉండే లవంగాన్ని అటు నుంచి ఇటు మార్చుకుని, "ఈయన ఇండిపెండెంట్ డైరెక్టరంట, కంపెనీతో ఏ సంబంధమూ లేని మనిషన్నమాట. మన ప్రెసిడెంట్‌తో కలిసి కాలేజీలో చదివాడు. ఈయనేమో మనకి లోన్లిచ్చే బ్యాంకులో రిటైరయి ఇటొచ్చాడు. ఇంకెవరు ఎవర్ని క్వశ్చన్ చేస్తారమ్మా?" అన్నారు.

"రూల్స్ అన్నీ ఫాలో అయ్యామని రాశారు కదండీ," అన్నాను.

"అయ్యారు, కాదన్లేదు. నువ్వు మాత్రం ఈ ఫొటోలో లేని మనిషెవరో చూడు."

ఫొటోలో లేని మనిషి పాత ప్రెసిడెంట్. పదవి దిగిపోయినా సలహాదారు పేరుతో ఆయనకి టోక్యోలో ఒక గది, ఒక కారు మిగిలాయి. ఏ మీటింగ్‌కీ రాడు, దేని మీదా ఓటు లేదు. కానీ ఆయన ఊఁ అనకుండా అక్కడ కుర్చీ కూడా జరగదని సుగుణ గారి నమ్మకం. అప్పట్లో నాకు నవ్వొచ్చేది. ఇంత అనుమానంతో ఈవిడకి రాత్రిళ్లు నిద్రెలా పడుతుందో అనుకునేదాన్ని.

రెండేళ్లు గడిచాక మా కంపెనీ ఒసాకాలోని ఇంకో మందుల కంపెనీతో విలీనమవుతోందని ప్రకటించారు. ఇద్దరూ సమానమేనట. ఒకసారి ఇటువాళ్లు ప్రెసిడెంట్ అయితే తరువాత అటువాళ్లు, ఇటునుంచి ఒక డైరెక్టర్ వస్తే అటునుంచి ఒకరు. మా టీములో అందరూ ఎంత పద్ధతిగా ఉన్నారో అని ముచ్చటపడ్డారు. సుగుణ గారు మాత్రం, "పెళ్లిచూపుల్లో కూడా ఇంత మర్యాద చూళ్లేదు నేను. ఒసాకా వాళ్లకి న్యూజెర్సీలో ఫైనాన్స్ ఆఫీసుంది. రెండెందుకు వాళ్లకి?" అన్నారు. ఉద్యోగం పోతే నా వీసా కూడా పోతుంది.

కొద్ది వారాలకి టోక్యో నుంచి నిషిమురా గారు వచ్చారు. రెండు వైపులకీ మధ్య రాయబారం ఆయన పని. మీటింగ్‌కి ముందే ఒక్కొక్కరినీ విడిగా కలిసి, మాట్లాడి, ఒప్పించుకోవడం వాళ్ల పద్ధతి. అందరూ కలిసి కూర్చునే సరికి తేలాల్సింది తేలిపోయి ఉంటుంది, మీటింగ్‌లో తల ఊపడమే మిగులుతుంది. నిషిమురా గారు ల్యాబ్ హెడ్‌ని లంచ్‌కి తీసుకెళ్లారు. లాయర్‌ని తీసుకెళ్లారు. హెచ్ఆర్ ఆవిడని రెండుసార్లు తీసుకెళ్లారు. మా గది ముందునుంచి మాత్రం నవ్వుతూ తల వంచి వెళ్లిపోయేవారు.

"మనల్ని కదపట్లేదు, మనం సేఫ్," అన్నారు మా టీమువాళ్లు.

"మనల్ని అడగట్లేదంటే మన గురించే అనుకుంటున్నారు," అన్నారు సుగుణ గారు.

"పోనీ ఆయన్నే అడగొచ్చు కదండీ," అన్నాను.

"అడిగితే ఏముంది, నవ్వి టీ పోస్తాడు. అందరి ముందూ అడగాలి శిరీషా. అప్పుడు తప్పించుకోలేరు."

విలీనం మీద అందరినీ పిలిచిన మీటింగ్‌లో అన్నట్టే చేశారు. టోక్యో వైస్ ప్రెసిడెంట్, ఆయన పక్కన ఒసాకా ప్రతినిధి, ఎదురుగా మేమందరం. స్లైడ్లు అయిపోయి అందరూ చప్పట్లకి సిద్ధమవుతుండగా సుగుణ గారు లేచి, "క్యారీ ఫైనాన్స్ ఆఫీసు ఉంటుందా, ఉండదా? దయచేసి ఇప్పుడే చెప్పండి," అని అడిగారు. నిషిమురా గారు చేతిలో పెన్ను బల్ల మీద పెట్టి కళ్లు మూసుకున్నారు. వైస్ ప్రెసిడెంట్ పక్కనున్న ఒసాకా ఆయన వైపు ఒకసారి చూసి, ఒకే పనికి రెండు ఆఫీసులు ఉంచే ఆలోచన లేదని, న్యూజెర్సీదే ఉంటుందని చెప్పారు. సుగుణ గారు నా వైపు చూశారు. నేను చెప్పలేదా అన్నట్టుంది ఆ చూపు.

సాయంత్రం మేమిద్దరం పార్కింగ్ లాట్‌లో ఉండగా నిషిమురా గారు వచ్చారు. కోపం లేదు, అలసట ఉంది. "మీ దగ్గరికి ఎందుకు రాలేదో తెలుసా? క్యారీ ఆఫీసు వద్దనేవాళ్ల దగ్గరికే వెళ్లాలి. ఫైనాన్స్ న్యూజెర్సీకి పోనీ అన్నవాళ్లని ఒక్కొక్కరినే తిప్పుకుంటూ వచ్చాను. మీరు మా వైపే ఉంటారు కదా, మిమ్మల్ని ఒప్పించేదేముంది? ఇంకా ఇద్దరు మిగిలారు. ఈ మాట ఇవాళ ఎవరూ ఎత్తకుండా ఉంటే చాలనుకున్నాను. ఒసాకా వాళ్ల ముందు అడిగితే, వాళ్ల ఆఫీసే తీసేస్తామని అనలేక వైస్ ప్రెసిడెంట్ ఇంకేం చెప్పగలరు? చెప్పాక వెనక్కి ఎలా తీసుకుంటారు?" అని, ఎప్పటిలాగే తల వంచి వెళ్లిపోయారు. సుగుణ గారు కారు తాళాలు చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయారు.

తరువాతి నెలల్లో ఆవిడ తన సంగతి పక్కనపెట్టి, తెలిసిన ప్రతి ఒక్కరికీ ఫోన్ చేసి నా వీసా పోకుండా ఈ బాతెల్ ఉద్యోగం చూపించారు. ఆఫీసు ఖాళీ చేస్తున్న రోజున ధైర్యం చేసి అడిగాను, నిషిమురా గారు చెప్పింది నిజమేనంటారా అని.

"ఒక్కోరోజు నిజమే అనిపిస్తుంది. ఒక్కోరోజు, వాళ్లు ముందే డిసైడ్ చేసేసి తప్పు నా నెత్తిన రుద్ది పోయాడనిపిస్తుంది. నిజమే అయితే మాత్రం, మీ అందరి ఉద్యోగాలూ తీసింది నేనే గదా." కళ్లు తుడుచుకుని మళ్లీ అన్నారు. "అనుమానం మాత్రం మానకమ్మా. కాకపోతే నలుగురిలో పెట్టేముందు ఒకసారి తలుపు కొట్టి అడుగు. టీ పోసి అబద్ధమే చెప్పనీ, మొహం అయితే కనిపిస్తుంది గదా. నేను ఆ మొహం చూడకుండానే తీర్పు చెప్పేశాను."

ఆవిడ మీద నాకు చాలా కోపంగా ఉంది ఆ రోజు. అయినా కౌగిలించుకుని ఏడ్చాను.

ఈ ఉదయం కాఫీ అక్కడే వదిలేసి వెళ్లి మా బాస్ తలుపు కొట్టాను. "మీటింగ్ విషయం నన్నెవరూ ఒక్క మాట అడగలేదు. నేను మీ వైపే ఉంటానని వదిలేశారా, లేక మాట్లాడుకునేది నా గురించేనా?" అని అడిగాను. ఆయన కంప్యూటర్ మీంచి చూపు తిప్పకుండా లోపలికొచ్చి తలుపు వెయ్యమన్నాడు. వేశాను. కూర్చోమన్నాడు. కూర్చోలేదు, ఆయన తలెత్తి మొహం కనిపించేదాకా అలాగే నిలబడ్డాను.