ప్రార్థనలో పెట్టిన ఆప్షన్ల కాగితం

మా చెల్లికి ఎంసెట్ ర్యాంకు వచ్చినప్పుడు నేను ఇంజనీరింగ్ మూడో సంవత్సరంలో ఉన్నాను. తను కోరుకున్నది ఒక్కటే: కడప జిల్లాలోని ప్రభుత్వ కాలేజీలో ఎలక్ట్రికల్. నా కౌన్సెలింగప్పుడు అన్నీ నెట్ సెంటరు వాళ్లే వేశారు; తన ఆప్షన్ల వరుస మాత్రం నేను రాస్తానన్నాను. గతేడాది ఒక్కో కాలేజీలో సీటు దొరికిన చివరి ర్యాంకులన్నీ చూసి ముప్పై నాలుగు కాలేజీలు వేశాను. కల్లూరు దగ్గరి ప్రైవేటు కాలేజీలో సీటు ఖాయం, అది ఒకటో నంబరు. కడప అనుమానం, అందుకే పదకొండు.

"కడప పదకొండోదా, అన్నా?"

"వచ్చేది ముందు రాయాల. ఆశపడేది తర్వాత."

కోడుమూరులో మా చర్చికి ఒక అలవాటుంది. పరీక్ష ముందు హాల్ టికెట్, తర్వాత ర్యాంకు కార్డు పాస్టరు అయ్యగారి బల్ల మీద పెట్టి ప్రార్థన చేయిస్తారు. ఆ ఆదివారం అమ్మ నా కాగితం కూడా పెట్టింది. అయ్యగారు కళ్లద్దాలు సర్దుకుని చూశారు.

"ఏమప్పా, ఇన్ని కాలేజీలా? ప్రభువు యాడని చూడాల?"

అందరూ నవ్వారు. నేను లేచి, వరుస ఎందుకలా వేశానో సంఘమంతటికీ వివరించాను.

ఆప్షన్లు మార్చుకోవడానికి ఆఖరి రోజు గురువారం. ఆ పొద్దున నా క్లాస్‌మేట్ ఫోన్ చేసి మాటల్లో అసలు సంగతి చెప్పాడు. కంప్యూటర్ పైనుంచి చూస్తూ వస్తుంది, ర్యాంకుకు దొరికే మొదటి సీటు దగ్గర ఆగిపోతుంది. కడపను పైన పెట్టి అది రాకపోయినా పోయేదేమీ లేదు, కిందిది చూస్తుంది. వినగానే అర్థమైంది. మార్చడానికి పది నిమిషాలు చాలు. కానీ ప్రార్థన అయిపోయిన కాగితం కదా అనుకున్నాను. నిజానికి, అంతమంది ముందు వివరించింది తప్పని ఒప్పుకోవడానికి సిగ్గేసింది. లాప్‌టాప్ తెరవలేదు.

సీటు కల్లూరులోనే వచ్చింది. చెల్లి ఫోన్‌లో జాబితా చూస్తూ అడిగింది.

"అన్నా, నాకంటే వెనక ర్యాంకు వాళ్లకు కడపలో ఇచ్చినారు. ఎట్ల?"

"వరుస నేను తప్పుగా వేసినా. గురువారం పొద్దున్నే తెలిసింది."

"గురువారమా? అంటే సాయంత్రం దాకా టైం ఉండె."

పాస్‌వర్డ్ రాసుకున్న చీటీ నా దగ్గర నుంచి తీసేసుకుంది.

రెండో విడతకు తనే కూర్చుంది. కడప ఒక్కటే పెట్టింది. ఇంకో నాలుగు పెట్టమన్నాను.

"చేతిలో సీటు ఉండాది కదా. కడప రాకపోతే ఇదే ఉంటాది. మిగతావి ఎందుకు?"

నిబంధనలు తీసి చదివాను. తను చెప్పిందే నిజం. అమ్మ ఆదివారానికి చెల్లిని కాగితం అడిగింది.

"ఒక్క పేరే కదమ్మా, అయ్యగారికి నోటితో చెప్తా."

కడపలో ఆ బ్రాంచిలో సీటు ఖాళీ కాలేదు. ఇప్పుడు చెల్లి రోజూ కోడుమూరు నుంచి బస్సులో కల్లూరు పోయి వస్తుంది. మా వీధి పిల్లలు ఆప్షన్లకు తన దగ్గరికే వస్తారు. చివరి ర్యాంకులు వెతికిచ్చే పని మాత్రం నాది. కాలేజీలను ఏ వరుసలో పెట్టాలో నన్ను అడగదు.