ఎరుపు కింది పొర

చేతికి ఏ వస్తువు ఇచ్చినా ఆమె ముందు తిరగేసి చూసేది. పళ్ళెం, గడియారం, తలుపు మీది పేరు పలక. ఒకసారి బంధువుల ఇంట్లో నిండా టీ ఉన్న కప్పును తిరగేయబోతే వదిన గభాల్న చెయ్యి పట్టుకుంది. మా ఆడపడుచు మనుషుల్ని కూడా ముందు వీపే చూస్తుందని చెప్పి ఆ వదిన నలుగురినీ నవ్వించేది.

అన్న నడిపే ఎనామెల్ కార్ఖానాలో ఆమెను వెనకమ్మ అనేవారు. రాగి పలకకు ఒకవైపే ఎనామెల్, అంటే రంగు గాజు పొడి, వేసి కాలిస్తే, చల్లారేటప్పుడు పలక వంగుతుంది, పైనున్న గాజు పగులుతుంది. అందుకని వెనక కూడా వేయాలి. మిగిలిపోయిన రంగులన్నీ కలిపితే వచ్చే బూడిద రంగు దానికి చాలు. ఎవరూ చూడరు. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఆమె అది వేసింది. ముందువైపు అన్న వేసేవాడు. బోర్డు మీద పేరు అన్నదే.

వీధిలో వాళ్ళకు ఎనామెల్ అంటే తలుపులకు కొట్టే రంగు. తన కిటికీలకు కూడా ఓ చెయ్యి వేయమని పక్కింటామె అడిగింది. అది నూనె, ఆరితే చాలు. ఇది గాజు, కరగాలి అని వెనకమ్మ చెప్పింది. అయితే దేనికీ పనికిరాదన్నమాట అంది పక్కింటామె.

ఇసుక, సీసం, సోడా, వెలిగారం. ఇవి కలిపి కరిగిస్తే రంగులేని గాజు. దాన్ని కల్వంలో వేసి నూరి, నీళ్ళు తేటబడేదాకా కడగాలి. కరిగేటప్పుడు కోబాల్ట్ కలిస్తే నీలం. రాగి కలిస్తే ఆకుపచ్చ. తగరం కలిస్తే తెల్లబడి, కింద ఏముందో తెలియకుండా కప్పేస్తుంది. తగరం లేనిది కింది లోహాన్ని చూపిస్తుంది. ఈ రెంటికీ మధ్య ఇంకొకటి ఉంది, పాలు కలిపిన నీళ్ళలా. వెలుతురు పడితేనే లోపల ఏదో ఉందని తెలుస్తుంది. ఎరుపుకు మాత్రం బంగారం కావాలి. చిటికెడే.

ఎరుపు మొండిది. రాగి మీద నేరుగా వేస్తే నల్లబడుతుంది. ముందు రంగులేని పొర వేసి కాల్చి, దాని మీద పల్చగా పరచాలి. కొలిమిలో ఆ పొడి మొదట పంచదారలా ఉంటుంది, తర్వాత నారింజ తొక్కలా, తర్వాత నున్నగా. నున్నబడగానే తీయాలి. ఇంకాస్త ఉంచితే కార్జం రంగు.

ఆరేళ్ళ కిందట అన్న కళ్ళకు ఆ క్షణం అందకుండా పోయింది. అప్పటినుంచి ఎరుపు ఆమే వేసింది. ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరూ ఆ మాట ఎత్తలేదు. అన్న ఎప్పటిలాగే కుంచె పట్టుకుని బల్ల దగ్గర కూర్చునేవాడు.

ఆ ఏడు వృత్తి విద్యాలయంలో ఎనామెల్ నేర్పడానికి ఒకరిని తీసుకుంటామన్నారు. సొంత గది, పెద్ద కొలిమి, గది తలుపు మీద నేర్పేవాళ్ళ పేరు. ప్రిన్సిపాల్ స్వయంగా పని చూడటానికి వస్తున్నాడని తెలిసి, ఎరుపు తనదని ఒక్క మాట చెప్పమని ఆమె అన్నను అడిగింది. చూద్దాంలే అన్నాడు. ఆ రోజు ఆమె ఇస్త్రీ బట్టలు వేసుకుని వచ్చింది.

ఆస్పత్రి కోసం చేసిన పలకను ప్రిన్సిపాల్ కిటికీ దగ్గరకు తీసుకెళ్ళి చాలాసేపు చూశాడు. దానిమ్మ గింజల ఎరుపు.

"ఇది ఎవరు వేశారండీ? నాకు వాళ్ళు కావాలి."

ఆమె చేతులు తుడుచుకుంది. అన్న ఆమెవైపు చూడలేదు.

"మావాడేనండి" అన్నాడు, కొడుకు భుజం మీద చెయ్యి వేసి.

"మరి ఈవిడ?"

"చెల్లెలండి. వెనక వేస్తుంది. నూరడం, కడగడం, అన్నీ తనే చూసుకుంటుంది."

కొడుక్కి ఇరవయ్యారేళ్ళు. అంతవరకు పార్సిళ్ళు కట్టడమే అతని పని. నేలకేసి చూస్తూ నిలబడ్డాడు. సోమవారం వచ్చి చేరమని చెప్పి ప్రిన్సిపాల్ వెళ్ళిపోయాడు.

"ఒక్క మాటేగా అన్నయ్యా, నేనడిగింది."

"వాడు స్థిరపడాలి కదమ్మా. నీకెందుకా బడి గోల? నువ్వెళ్ళిపోతే ఇక్కడ ఎరుపు ఎవరు వేస్తారు?"

"అంటే వేసేది నేనని నీకు గుర్తుందన్నమాట."

అన్న కళ్ళజోడు వెతుక్కున్నాడు. అది ముక్కు మీదే ఉంది. ఆ సాయంత్రం వదిన ఆమె కంచంలో అడక్కుండానే రెండోసారి వడ్డించింది.

మర్నాడు పొద్దున ఆమె కార్ఖానాకు వచ్చేసరికి మేనల్లుడు కొత్త నోటు పుస్తకంతో మెట్ల మీద కూర్చుని ఉన్నాడు.

"అత్తా, మొదటి రోజే ఎరుపు చూపించమన్నారు. దాని కింద ఏం వేస్తావు?"

ఆమె తాళం తీసింది. కొలిమి వెలిగించింది. రెండు స్టూళ్ళు లాగి, చెప్పడం మొదలుపెట్టింది. కింద రంగులేని పొర, ఏది ఎంత, ఎంత పల్చగా, ఎప్పుడు తీయాలి. అతని రాత వెనకబడిన చోట ఆగింది. అయ్యాక చదవమంది. పొడిని ఐదుసార్లు కడగాలని రాసుకున్నాడు. ఎనిమిదని దిద్దించింది.