వాసన తాగిన గింజలు

మందు సీసాల్లో, కొత్త చెప్పుల డబ్బాల్లో తేమ పట్టకుండా చిన్న పొట్లాలు వేస్తారు. వాటిలోని తెల్ల గింజలు, అంటే సిలికా జెల్, గుండ్లపోచంపల్లిలోని మా యూనిట్‌లో తయారవుతాయి. నేను ల్యాబ్‌లో వాటిని పరీక్షిస్తాను. జహీరా వాటిని ఆరబెట్టే పొయ్యి దగ్గర పనిచేస్తుంది. రోజూ లాల్‌గడి మలక్‌పేట్ నుంచి ఆటోలు మారి వస్తుంది. కోపమొస్తే ఓనరుకైనా మొహం మీదే చెప్పేస్తుంది. అందుకే నాకామె ఇష్టం.

ఆమె భర్త అమీర్ అలీ పాల వ్యాపారం చేసేవాడు. శుక్రవారం నమాజుకు వెళ్ళేముందు వట్టివేళ్ళ అత్తరులో ముంచిన దూదిని చెవి మడతలో పెట్టుకునేవాడట. పోయిన వేసవిలో గేదెలకు గడ్డి కోస్తూ కుప్పకూలి మళ్ళీ లేవలేదు.

అతని తల్లికి చూపు లేదు. కొడుకు పోయాడని ఎన్నిసార్లు చెప్పినా ఆ ముసలామె మనసుకెక్కదు. పొద్దుగూకితే చాలు, అమీర్ ఇంకా రాలేదేమని అడుగుతుంది. జహీరా అతని కుర్తా తెచ్చి ఒళ్ళో పెట్టేది. ఆ వాసన తగిలితే కొడుకు ఇంట్లోనే ఉన్నాడనుకుని నాలుగు ముద్దలు తినేది. లేకపోతే పస్తే.

ఈ వానలకు ఇల్లంతా చెమ్మ. ట్రంకుపెట్టెలోని కుర్తాకు బూజు మచ్చలు పడ్డాయి. ఇంకొకరైతే ఎండలో ఆరేసేవారు. జహీరా మా యూనిట్ మనిషి కదా, ఎండకు వాసన పోతుందని భయపడి, గింజలను గుడ్డలో మూటకట్టి కుర్తా మడతల్లో పెట్టి పెట్టె మూసేసింది. తడి పోయింది. తడితోపాటు వాసనా పోయింది.

ముసలామె కుర్తాను ముక్కుకు ఆనించుకుని పక్కకు నెట్టేసింది. ఇది తన కొడుకుది కాదంది. అన్నం ముట్టలేదు. జహీరా మేడ్చల్ వెళ్ళి అదే అత్తరు తెచ్చి పూస్తే, ఇది కొట్టు వాసన అని తిట్టింది. పాలు, బీడీ, చెమట కలిసిన మనిషి వాసన ఏ కొట్టులో దొరుకుతుంది?

మర్నాడు జహీరా ల్యాబ్‌కొచ్చి నిలబడింది.

"మేడమ్, నీళ్ళే తాగుతదనుకున్న. గిది నా మనిషిని గూడ తాగింది."

ఆ గింజ పైకి నున్నగా ఉంటుంది గానీ లోపలంతా కంటికానని రంధ్రాలే. బయట గాలి అంత తడిగా లేకపోయినా, ఆ ఇరుకులో చేరిన ఆవిరి అక్కడే నీరై నిలిచిపోతుంది. నీళ్ళదైనా అత్తరుదైనా వదలదు. ఆ మూట పారేశావా అని అడిగాను. లేదంది. అయితే వేడి చేస్తే లోపలిది బయటికొస్తుందని, కానీ ఒక్కసారి వచ్చాక ఇక మిగలదని చెప్పాను. సీసాలో బిగించి దాచుకోవచ్చని కూడా అన్నాను. దాచుకుంటే అత్త తింటదా అని అడిగింది.

ఆదివారం మధ్యాహ్నం వాళ్ళింటికి వెళ్ళాను. జహీరా పెనం మీద గింజలు పోసి సన్నటి సెగ పెట్టింది. ముందు గుడ్డ వాసనే వచ్చింది. కాసేపటికి వట్టివేళ్ళు, దాని వెనకే పులిసిన చెమట. జహీరా కొంగు నోట్లో కుక్కుకుంది.

మంచం మీది ముసలామె మొహం ఇటు తిప్పింది. అమీర్ వచ్చాడు, వడ్డించమని ఉర్దూలో కేకేసింది. వాడు కూర్చున్నాడా అని అడిగి, కూర్చున్నాడని కోడలు చెప్పాకే కంచంలో చెయ్యి పెట్టింది. మూడో వంతు తిన్నదో లేదో, వాసన పలచబడిపోయింది. ఆమె చెయ్యి ఆగింది.

"నాతో చెప్పకుండానే వెళ్ళిపోయాడా?"

గింజలింకా పెనం మీద చిటపటలాడుతున్నాయి. జహీరా పొయ్యి ఆర్పి, అత్త పక్కన కూర్చుంది.

"వెళ్ళిపోయాడు అమ్మీ. ఇక రాడు."

కొడుకును మట్టి చేసిన ఇన్ని నెలల తర్వాత, ఆ తల్లి మొదటిసారి గుండెలు బాదుకుని ఏడ్చింది.